లేని చిరునామా నుండి వచ్చు జవాబు

కల్పిత యంత్రము నిజమైన కంప్యూటరునకు అచ్చమైన నకలని పాఠములలో తరచుగా చెప్పబడుచున్నది. విద్యార్థి దానినే పరీక్షలో వ్రాయును, మార్కులును వచ్చును. కాని ఆ మాట సగమే నిజము.

ఒకే కంప్యూటరుపై అనేక కల్పిత యంత్రములను నడుపు ప్రోగ్రామునకు హైపర్‌వైజరని పేరు. దాని చెంత నడచు యంత్రమే అతిథి. అతిథి తాకిన చిరునామా వెనుక అసలైన మెమొరీ లేకపోవుట రెండు విధములు. పాఠములు ఈ రెండింటిని కలిపివేయుచున్నవి. నా ఆక్షేపణ ఇదే.

చోడవరములో ఒక వీధిని ఊహింపుడు. ఒక నంబరునకు స్థలము కేటాయింపబడినది, ఇల్లు మాత్రము కట్టలేదు. ఉత్తరము వచ్చిన క్షణముననే ఇల్లు లేచి నిలిచినది! మొదటి విధమిట్టిది. అతిథి తన మెమొరీలో క్రొత్త చోటును తాకగానే ప్రాసెసరు ఆగి హైపర్‌వైజరును పిలుచును. అది సాధారణముగా 4 కిలోబైట్ల పుటను సున్నలతో నింపి అమర్చును. అతిథికి ఈ సంగతియే తెలియదు.

రెండవది, ఊరి లెక్కలోనే లేని నంబరు. ఇచ్చట ఇల్లు కట్టువారు లేరు, అయినను జవాబు వచ్చును. 2007లో లినక్సు కెర్నెలులో చేరిన కే.వి.ఎం. ఇట్టి స్పర్శను ఏదో పరికరమునకు ఉద్దేశించినదిగా భావించి, సాధారణముగా క్యూ.ఇ.ఎం.యు. వంటి ప్రోగ్రామునకు అప్పగించును. అచ్చట పరికరమేదియు లేనిచో చదివినవానికి 0 లభించును. జెన్ అను హైపర్‌వైజరులో అన్ని బిట్లును 1లే వచ్చును. వ్రాసినది గాలిలో కలియును. నిజమైన పి.సి.లో సాధారణముగా 1లే కనుపించును. ఆర్మ్ జాతి యంత్రములలో పలుమారు జవాబునకు మారుగా దోషసూచన వచ్చును.

ఇది చిన్న భేదము కాదు. పి.సి.ఐ. పరికరము లేనిచో దాని గుర్తింపుసంఖ్యగా 16 బిట్లును 1లై 65535 వచ్చును. పరికరము లేదని డ్రైవరు గ్రహించునది దీనివలననే. 0 అట్లు కాదు, ఖాళీ మెమొరీలోని మామూలు విలువ వలె కనుపించును. ఒకచోట సరిగా నడచిన ప్రోగ్రాము వేరొకచోట తడబడుటకు ఇంతకంటె కారణమేల?

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు కల్పిత యంత్రమును నిర్వచించుచు, కాలభేదమును, వనరుల లభ్యతలోని భేదమును స్పష్టముగా మినహాయించిరి. మన పాఠములు నిర్వచనమును గ్రహించి మినహాయింపును విడిచినవి.

హైపర్‌వైజరు మౌనముగా జవాబిచ్చుట తప్పని నేననను. పరికరముల కొరకు తడవిచూచు పాత ఆపరేటింగ్ సిస్టములు పెక్కు కలవు. ప్రతి తప్పు చిరునామాకును అతిథిని ఆపివేసినచో అవి లేచి నిలువనే నిలువవు. కాని మౌనముతోపాటు చిట్టా ఉండవలెను. క్యూ.ఇ.ఎం.యు.లో అట్టి ఏర్పాటు కలదు, కోరినగాని పనిచేయదు. అది ఉచితముగా లభించును. చోడవరపు పాఠశాలలోని ఒక్క కంప్యూటరు చాలును. ఉపాధ్యాయులు ఆ చిట్టాను తెరచి, లేని చిరునామానొకదానిని విద్యార్థులచేతనే చదివింపవచ్చును.