చేపు

మా నాయనమ్మ చెంబు పట్టుకుని గేదె దగ్గర కూర్చున్నా వెంటనే పితికేది కాదు. పొదుగు మీద గోరువెచ్చటి నీళ్లు చల్లి దూడను విడిచేది. అది కుమ్మి కుమ్మి కుడుస్తుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేది. మేం తొందర పెడితే "ఉండండ్రా, ఇంకా చేపలేదు" అనేది. కాసేపటికి చన్నులు నిండి బిగుసుకునేవి, గేదె కళ్లు అరమోడ్చేది. అప్పుడు దూడను లాగి గుంజకు కట్టేది. మొదటి ధార ఖాళీ చెంబు అడుగున గట్టిగా మోగేది. నురుగు లేచేకొద్దీ ఆ మోత మెత్తబడి చివరికి గుసగుసలా మిగిలేది.

పొదుగులో పాలుండటం వేరు, చేపడం వేరు. గేదె పాలలో చన్ను దగ్గరికి జారి ఉండేవి నూటికి ఐదు పాళ్లకు మించవు. మిగతావన్నీ పైన, అవి ఊరిన సన్నటి గదుల్లోనే ఉంటాయి. చేపకముందు ఎంత పితికినా చెంబు తడుస్తుంది, అంతే. తయారైన పాలను దేహం విడిచిపెట్టే ఆ క్షణానికి విడిగా ఒక క్రియాపదం ఉంచుకున్న భాష మనది. ఒంట్లో హార్మోన్లు నడిపే ఘట్టాలెన్ని ఉన్నా నేను మళ్లీ మళ్లీ వెళ్లి నిలబడేది ఈ ఒక్కదాని ముందే.

నోటి స్పర్శ నరాల వెంట వెన్నుపాము ఎక్కి, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌ను చేరుతుంది. అక్కడి కొన్ని నరకణాలు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ తయారుచేసి, తమ పొడవాటి తంతువుల గుండా పీయూష గ్రంథి వెనక భాగానికి దింపి దాచి ఉంచుతాయి. కబురు అందగానే దాన్ని రక్తంలోకి వదులుతాయి. ఈ గ్రంథి బఠాణీ గింజంత, బరువు అర గ్రాము. దాని పాశ్చాత్య నామం పిట్యూటరీ. దానికి మూలమైన లాటిన్ మాటకు అర్థం చీమిడి. మెదడులోని శ్లేష్మం అక్కణ్నుంచి ముక్కులోకి కారుతుందని పూర్వం వాళ్లు అనుకున్నారు మరి. దాన్ని మన భాషల్లోకి తెచ్చిన పుణ్యాత్ములు ఆ ధ్వని పట్టుకునో ఏమో పీయూషం అన్నారు. పీయూషమంటే అమృతం. అమరకోశం ప్రకారం కొత్తగా ఈనిన ఆవు పాలు కూడా, అంటే మన జున్నుపాలు. ఇంత అందంగా కుదిరిన పారిభాషిక పదం నాకు ఇంకొకటి కనబడలేదు.

పాలు ఊరే బుడగలు ద్రాక్షగుత్తుల్లా ఉంటాయి. ఒక్కో బుడగ చుట్టూ కండరంలా బిగుసుకోగల కణాలు, దూడ మూతికి కట్టే చిక్కంలా, అల్లుకుని ఉంటాయి. ఆక్సిటోసిన్ తగలగానే ఆ చిక్కం ముడుచుకుంటుంది, పాలు దిగుతాయి. చేపడమంటే ఇదే.

ఈ ఆక్సిటోసిన్ ఒంట్లో రక్తం పారినంత మేరా పారుతుంది. కాలి బొటనవేలిదాకా వెళ్తుంది. అయినా దాన్ని అందుకునే గ్రాహకాలున్న కణాలు మాత్రమే పలుకుతాయి. నాటకం అందరి ముందూ ఆడతారు, రసం సహృదయుడికే అందుతుంది అని ఆలంకారికుడు అభినవగుప్తుడు పట్టుబట్టింది ఇలాంటి సంగతే. రసమనే మాటలో ఊరేదీ ఆస్వాదించేదీ రెండూ ఉన్నాయని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలలు నిండేదాకా గర్భాశయం ఆక్సిటోసిన్‌కు పెద్దగా స్పందించదు. ప్రసవం దగ్గరపడేకొద్దీ దాని గోడల్లో ఆ గ్రాహకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. నిన్నటిదాకా చెవిన పెట్టని పలుకుకే ఇవాళ ఒళ్లంతా కదులుతుంది. వచ్చిన కబురు పాతదే, వినే గర్భాశయం మారింది.

ఆ పైన జరిగేది హార్మోన్ల లోకంలో అరుదు. అక్కడ మామూలుగా ఒకటి పెరిగితే ఇంకొకటి దాన్ని తగ్గమంటుంది, అంతా సర్దుబాటు సంసారం. పురుటిలో అలా కాదు. బిడ్డ తల గర్భాశయ ముఖద్వారాన్ని నొక్కితే ఆక్సిటోసిన్ పెరుగుతుంది, దాంతో నొప్పి పెరుగుతుంది, నొప్పి బిడ్డను ఇంకా కిందికి నొక్కుతుంది. బిడ్డ బయట పడితే తప్ప ఆ ఉద్ధృతికి ఆనకట్ట లేదు. నెలనెలా అండం విడుదలయ్యే ముందు కూడా ఇలాంటి తిరుగుబాటే కనిపిస్తుంది. అప్పటిదాకా పీయూష గ్రంథిని అదుపులో పెట్టిన ఈస్ట్రోజెన్, హెచ్చు స్థాయిలో రెండు రోజులు నిలిచిందంటే అదే గ్రంథిని ఎగదోస్తుంది.

ఇంకో సంగతి, తాళం. హైపోథాలమస్ పీయూష గ్రంథికి పంపే ఒక హార్మోన్ మీద 1970లలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల్లో ప్రయోగం చేసింది. గంటకొక విడతగా ఎక్కిస్తే గ్రంథి చక్కగా పనిచేసింది. ఆపకుండా ఎక్కిస్తే మొద్దుబారి పని మానేసింది. విరామం లేని పాటను ఒళ్లు కూడా వినదు.

మళ్లీ గేదె దగ్గరికి. దూడ చచ్చిపోతే మా ఊళ్లో దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవారు. తల్లి దాన్ని నాకి, చేపేది. చిన్నప్పుడు నాకది మోసమనిపించి ఏడుపొచ్చేది. తర్వాత ఆలంకారికుడు శంకుకుడి చిత్రతురగ న్యాయం చదివాను. బొమ్మలో గుర్రాన్ని చూసి నిజమనీ కాదనీ తేల్చకుండానే గుర్రమని గ్రహిస్తామని, నటుడిలో రాముణ్ని చూడటమూ అలాంటిదేనని ఆయన వాదం. ఆ గడ్డిదూడ ముందు నిలబడ్డ గేదె కంటే మంచి ప్రేక్షకురాలు ఆయనకు దొరికేది కాదు. పదహారో శతాబ్దపు రూపగోస్వామి ఇంకో అడుగు ముందుకు వేశాడు. భక్తిరసామృతసింధువులో వాత్సల్యం దగ్గరికి వచ్చేసరికి, చెమట, పులకింత, కన్నీరు మొదలైన ఎనిమిది సాత్త్విక భావాలకు తోడు తొమ్మిదోదిగా స్తన్యస్రావాన్ని చేర్చాడు. బిడ్డ ఏడుపు చెవిన పడగానే రవిక తడిసిన తల్లిని చూసినవాడు తప్ప అలా రాయలేడు.

ఇప్పుడు దూడతో పని లేకుండా ఆక్సిటోసిన్ సూదితో చేపిస్తున్నారు. పశువు ఆరోగ్యానికి హాని చేసేలా పాల కోసం ఇలా సూది పొడవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. రసికుడిగా కూడా నాకది నచ్చదు.

కొత్త మనిషి కొట్టంలోకి వస్తే గేదె పాలు బిగబడుతుందని నాయనమ్మకు తెలుసు. అందుకే పితికే వేళ మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. ఆడవాళ్లలో ఇదే సంగతిని 1948లో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులు తూకం వేసి చూపించారు. ఒక తల్లి ప్రశాంతంగా పాలిచ్చినప్పుడు బిడ్డ తాగింది 168 గ్రాములు. పాదాలు మంచునీళ్లలో ముంచి, వేలు గుంజి, లెక్కలడిగి చికాకు పెడితే 99కి పడిపోయింది. ఆ చికాకులోనే ఆక్సిటోసిన్ సూది వేస్తే 153కి లేచింది. పాలు తగ్గలేదు, లోపలే ఉన్నాయి. దిగలేదంతే.

మీ ఇంట్లో బాలింత ఉంటే "పాలు చాలడం లేదేమో" అన్న మాట ఆమె వినేలా అనకండి. బిడ్డను అందించి, తలుపు దగ్గరగా వేసి, బయటికి రండి.