వేలు దిగొద్దు

సద్దుల బతుకమ్మ నాడు సూర్యాపేటలో మా అమ్మవాళ్ల వాకిట్లో కాలు పెట్టడానికి చోటుండదు. కోదాడ నుంచి నేను, మిర్యాలగూడ నుంచి అక్క పొద్దున్నే దిగిపోతాం. అక్క సంచిలో గునుగు ఎప్పుడూ తక్కువే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక అటువైపు ఎటు చూసినా వరి మడులే. గునుగేమో మెట్టచేల పువ్వు. మా అక్క దానికోసం ఆయకట్టు దాటి వెళ్లాల్సిందే.

తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, అంచు వెంట తంగేడుతో మొదలుపెడతాం. అది రాష్ట్ర పుష్పం అయింది 2014లో కానీ, మా వాకిట్లో తొలి వరుస ఎప్పుడూ దానిదే. ఇక గునుగు పని ఓపికతో కూడుకున్నది. ఆకు దూసెయ్యాలి, కాడలు ఒకే కొలతకు కోయాలి, గుప్పెడేసి దారంతో కట్టలు కట్టాలి, ఆ తెల్లటి కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. వరుస మీద వరుస, ప్రతిదీ కింది దానికన్నా కాస్త లోపలికి. కోయగా మిగిలిన కాడలూ ఆకులూ పారెయ్యం. నడుమ కూరేది వాటినే.

పదేళ్ల కిందట నేను తొందరపడి నడుమ బోలుగా వదిలేశాను. ఏడో వరుసకు బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. అమ్మ కోప్పడలేదు. పై మూడు వరుసలూ విప్పి, నా చేతిమీద తన చెయ్యి వేసి లోపలికి వత్తించింది. "వేలు దిగొద్దు బిడ్డా, గట్ల కూరాలె" అంది. అప్పటినుంచి ప్రతి వరుస అయ్యాక వేలు గుచ్చి చూస్తాను. వేలు ఆగిపోయినప్పుడు కలిగే నెమ్మది నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు. రోజంతా నేను చేసే ఉద్యోగంలో పని అయిపోయిందని చేతికి తెలియదు. ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు బజారులో పేర్చిన బతుకమ్మలే అమ్ముతున్నారు. సెలవు దొరకని ఆడవాళ్లు కొనుక్కుంటే తప్పు పట్టను. కానీ వాళ్లు పోగొట్టుకుంటున్నది ఆ మధ్యాహ్నాన్నని నా బాధ. నలుగురు ఆడవాళ్లు చాపమీద కూర్చుని, మోకాళ్లు తగులుతుండగా, చేతులు ఆడిస్తూ మాట్లాడుకునే మూడు గంటలు డబ్బుకు రావు.

ఈ ఏడు కూడా సాయంత్రం సద్దుల చెరువు దగ్గర ఆడి, పాడి, బతుకమ్మను నీళ్లలో వదిలాం. నాకెప్పుడూ పోయిందన్న దిగులుండదు. మా బతుకమ్మ ఒరగకుండా, నిటారుగా, దీపాల వెలుగు దాటేదాకా సాగిపోవడం చూస్తూ నిలబడ్డాం. ఖాళీ తాంబాలం చంకన పెట్టుకుని అక్క బిడ్డ నా కొంగు లాగింది.

"చిన్నమ్మా, వచ్చే ఏడు ఇంకో రెండు వరుసలు లేపుదామా?"

ఆ పిల్ల వేళ్లకు గులాబీ రంగు ఇంకా పచ్చిగానే ఉంది.