క్లోరోఫారం కథలో ఒక వెలితి

గన్‌ఫౌండ్రీలో మహబూబియా బాలికల పాఠశాల 1907లో వెలసినది. దానికి 22 ఏండ్లు ముందే, 1885లో, ఈ నగరమందలి వైద్య పాఠశాలలో స్త్రీలకు ప్రవేశము లభించినది. ఆ తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో ఉత్తీర్ణురాలై, శస్త్రచికిత్సలలో రోగులకు క్లోరోఫారం ఇచ్చు బాధ్యత వహించినారు.

నిజాం ధనసహాయముతో 1888, 1889లలో జరిగిన క్లోరోఫారం కమిషన్లను గూర్చి వ్రాయువారు ఎడ్వర్డ్ లారీని, లండన్ నుండి వచ్చిన బ్రంటన్‌ను విపులముగా తలచుదురు. రూపాబాయిని మాత్రము "ప్రపంచమున మొదటి మహిళా మత్తు వైద్యురాలు" అని ఒక్క వాక్యముతో సాగనంపుదురు. ఈ పొగడ్త చాలదు. శస్త్రచికిత్సా విభాగములో స్త్రీకి చోటిచ్చుట ఒకటి, ఆమె పనిని శాస్త్రముగా లెక్కించుట వేరొకటి.

ఆ పని సామాన్యమా? శ్వాసను కనిపెట్టుచున్న చాలునని లారీ వాదించినారు. మత్తు పలుచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో లెవీ పిల్లులపై ప్రయోగములతో చూపినారు. సిద్ధాంతము ఎవరిదైనను, దాని తప్పొప్పులు రోగి తలవద్ద కూర్చున్నవారి ఎదుటనే తేలును. రూపాబాయి 1909లో ఎడింబరోకు పోయి భౌతిక, రసాయన శాస్త్రములు చదివినారు. ద్రవమెట్లు ఆవిరియగునో, గాలిలో దాని పాలెంతయో తెలియజెప్పునవి ఆ శాస్త్రములే గదా! కమిషన్ కథకు పుటలు కేటాయించువారు ఈ చదువునకు రెండు పంక్తులైనను ఇచ్చుట అరుదు.