కాకి వాలింది, పండు రాలింది

బస్సు దిగగానే చిన్ననాటి స్నేహితుడు ఎదురుపడితే, ‘కాకతాళీయంగా కలిశాం’ అని ఇంటికొచ్చి సంబరంగా చెబుతాం. అంత హాయిగా వాడుకునే మాట అది. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తిలో దీని పుట్టుక చదివిన రోజు నేను ఉలిక్కిపడ్డాను. అక్కడ తాటిచెట్టు కింద కాకి చచ్చిపడి ఉంది.

పెద్దవాళ్లు మనకు చెప్పిన కథ మెత్తనిది. కాకి వచ్చి వాలింది, అదే క్షణాన పండు రాలింది, అంతే. కాశికావృత్తి రాసిన సుమారు 7వ శతాబ్దపు జయాదిత్య వామనులు అక్కడితో ఆగలేదు. రాలిన పండు కాకిని చంపింది. అలాగే దేవదత్తుడనే వాడు ఒకచోటికి వచ్చాడు, అదే వేళకు దొంగలు వచ్చిపడ్డారు, అతని ప్రాణం పోయింది. దేవదత్తుడి రాక కాకి రాక లాంటిది, దొంగలు వచ్చిపడటం పండు పడటం లాంటిది. 60 అడుగుల ఎత్తు నుంచి పడే కిలో బరువు పండు, దాని కింద 300 గ్రాముల పక్షి. రెండూ నల్లనివే. ఎవరు గీశారో గానీ ఎంత నిండైన బొమ్మ!

ఈ మాట లోపలి అల్లిక ఇంకా అందం. పతంజలి మహాభాష్యంలో దీని ముడి విప్పాడు. కాకి రాకలాంటి రాక, తాటిపండు పాటులాంటి పాటు కలిస్తే ‘కాకతాళం’. ఆ కలయికలోంచి పుట్టిన ఫలితం లాంటిది ‘కాకతాళీయం’. ఒక పోలిక కడుపులో ఇంకో పోలిక! రెండో పోలికను చివరనున్న ‘ఈయ’ ఒక్కటే మోస్తుంది. సమాసంలో క్రియ కూడా లేదు. వాలడం లేదు, రాలడం లేదు, ‘వల్ల’ అనే మాటకు చోటే లేదు. కాకిని తాడి పక్కన పెట్టి ఊరుకున్నారు. కార్యకారణ సంబంధం లేదని చెప్పడానికి ఆ సంబంధాన్ని తెలిపే మాటే లేకుండా చేసిన ఈ నేర్పుకు ఎన్నిసార్లు దండం పెట్టినా తనివి తీరదు.

పైకి చదివి చూడండి. ‘కాక’ అన్నది ఆ పక్షి కూతనుంచే వచ్చిన పేరని యాస్కుడు నిరుక్తంలో అన్నాడు. అంటే మాట మొదట్లోనే కాకి అరుస్తుంది. తర్వాత ‘తా’ దగ్గర నోరు పైకి తెరుచుకుంటుంది, ‘ళీ’ దగ్గర నాలుక మడతపడి బరువుగా దిగుతుంది. నా చెవికి అది పండు నేలను తాకిన చప్పుడే.

దీనికి తోబుట్టువులూ ఉన్నాయి. మేకకూ కత్తికీ ముడిపెట్టిన అజాకృపాణీయం, అంధుడికి అనుకోకుండా చిక్కిన పూరేడు పిట్టతో అంధకవర్తకీయం. అవి మన వాడుక మాటల్లోకి రాలేదు. కాకి మాత్రం మన నోళ్లలో వాలింది. పొలం గట్టున తాడి, పెరటి గోడమీద కాకి లేని తెలుగు ఊరు ఏది? వేసవిలో ముంజెలకు కోయగా మిగిలిన కాయలు వానాకాలానికి పండి, అర్ధరాత్రి ధబ్బున పడుతుంటే విన్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పాలా?

ఘుణాక్షర న్యాయమూ ఇలాంటిదే. పురుగు తొలిచిన గీత అనుకోకుండా అక్షరమైపోతుంది. చక్కటి ఊహే. కానీ ఆ అక్షరం కనబడాలంటే చదువొచ్చినవాడు చూడాలి. తాటిపండుకు చూసేవాళ్లతో పనిలేదు. అందుకే నా ఓటు కాకికే.

భాద్రపదంలో ఊరు వెళితే తాటితోపు పక్కన కాసేపు నిలబడి ఆ చప్పుడు వినండి.