తల్లి లేని పిల్లలకు మొదటి ఆరు వారాలు

మా బుద్వేల్‌ను ఆనుకునే రాజేంద్రనగర్. దేశమంతా పెరళ్లలో తిరిగే వనరాజా, గ్రామప్రియ కోళ్లు అక్కడి కోళ్ల పరిశోధన సంచాలనాలయంలో రూపుదిద్దుకున్నవే. 1988లో మొదలైన సంస్థ అది. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గొప్ప. గ్రామప్రియ పెరట్లోనే 150 దాటిస్తుంది. ఆ లెక్క విని పిల్లలను తెచ్చుకునేవాళ్లు చాలామంది.

కానీ ఈ రకాల పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. నాటు పెట్ట 21 రోజులు పొదిగి, ఆ తర్వాతా పిల్లలను రెక్కల కింద దాచుకుంటుంది. హేచరీ పిల్లకు ఆ రెక్కలు లేవు. ఆ పని మనదే.

మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. నేను మాత్రం థర్మామీటర్ కంటే పిల్లలనే ఎక్కువ నమ్ముతాను. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎటునుంచో గాలి కొడుతోంది. ఊక మీద అంతటా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కునుకుతూ ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. రాత్రి ఒక పిల్లను చేతిలోకి తీసుకుని మెడ కింది తిండి సంచిని తడమండి. నిండుగా, మెత్తగా తగలాలి.

చుట్టూ కట్టే అట్ట గుండ్రంగానే ఉండాలి. మూల దొరికితే, కరెంటు పోయిన రాత్రి పిల్లలన్నీ అక్కడే గుమిగూడతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. ఊక తడిస్తే రక్త పారుడు వస్తుంది. గుడ్ల కోళ్ల దాణా పిల్లలకు వేయకండి, అందులోని సున్నం వాటి మూత్రపిండాలను చెడగొడుతుంది. ఇంత కాపలా కాయలేనివాళ్లు ఖరీదెక్కువైనా ఆరు వారాలు పెరిగిన పిల్లలను కొనుక్కోవడమే మేలు.

కొక్కెర తెగులు టీకా మొదటి వారంలోనే వేయించాలి. కంట్లో ఒక్క చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకటి. సీసాలో వందల చుక్కలుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లల కోసం సీసా ఎందుకని వదిలేస్తే, ఆ తెగులు వచ్చిననాడు గంపంతా ఖాళీ అవుతుంది. అందుకే వీధిలో వాళ్లంతా మాట్లాడుకుని ఒకే వారం పిల్లలను తెచ్చుకోండి. ఐసు ముక్కల్లో పెట్టి తెచ్చిన ఒక్క సీసాను ఒకే పొద్దున అన్ని ఇళ్ల పిల్లలకూ వేయించండి.