టెడ్ బండీ చిత్రణ: సడలిన దృక్కోణం

అమెరికా వరుస హంతకుడు టెడ్ బండీపై జో బెర్లింజర్ తీసిన ‘ఎక్స్‌ట్రీమ్‌లీ వికెడ్, షాకింగ్‌లీ ఈవిల్ అండ్ వైల్’ (2019) హత్యలను దాదాపు తెరపైకి రానివ్వదు. ఎలిజబెత్ కెండాల్ పేరుతో 1981లో వెలువడిన అతని ప్రియురాలి జ్ఞాపకాలు దీనికి ఆధారం. ఆమెలాగే ప్రేక్షకుడూ అతణ్ణి నమ్మాలన్నది దర్శకుని వ్యూహం. ఆ సంయమనం మెచ్చదగినదే. అయితే 1979 నాటి మయామీ విచారణకు వచ్చేసరికి ఈ దృక్కోణం సడలిపోతుంది. ఎలిజబెత్ టీవీ ముందు మిగిలిపోగా, కెమెరా తన వాదన తానే వినిపించుకొనే బండీ వెంట, నిజానికి జాక్ ఎఫ్రాన్ తారాకర్షణ వెంట నడుస్తుంది. బండీ ఒప్పుకున్న హత్యలు 30. హింసతోపాటు హతులూ తెరమరుగై, చివర పేర్ల జాబితాగా మాత్రమే కనిపిస్తారు. అతని బారినుండి తప్పించుకొని, న్యాయస్థానంలో అతణ్ణి గుర్తుపట్టిన యువతి సాక్ష్యం కథకు మరో కేంద్రం కాగలిగేది. చిత్రం దానిని క్లుప్తంగా ముగించి మళ్ళీ బండీ వైపే తిరుగుతుంది.