వంతెన కొసలు ఎవరి వీధిలో దిగుతాయి?

సంగం బ్యారేజీ గురించి చెప్పేవాళ్ళంతా అంకెలతోనే మొదలెడతారు. 85 గేట్లు, 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు, 1880లలో బ్రిటిష్‌వాళ్ళు కట్టిన ఆనకట్టకు బదులుగా 2022 సెప్టెంబర్ 6న ప్రారంభం, పైన వంతెన. ఈ లెక్కల్లో ఎకరానికి చోటుంది, బండికి చోటుంది, నడిచే మనిషికి లేదు. ఆ ఎకరాలు ఎవరివో పెన్న ఒడ్డున అందరికీ తెలిసిందే కాబట్టి ఆ సంగతి ఇక్కడ పొడిగించం.

పాత ఆనకట్ట మీదుగానే సంగానికీ పొదలకూరు వైపుకీ రాకపోకలు సాగేవి. వరదొస్తే దారి బందు. నాట్లకు పొయ్యే ఆడోళ్ళకి దారి బందంటే ఆ రోజు కూలి బందే. కనుక వంతెన వద్దని మేం అనడం లేదు. డిజైను ఇంజనీర్ల సొంత వ్యవహారంగా మిగిలిపోవడం మీదే మా అభ్యంతరం.

నగరాల్లో మాత్రం పాదచారికి ఉన్నట్టుండి గౌరవమొస్తుంది. హైదరాబాదు దుర్గం చెరువు తీగల వంతెన 2020లో తెరిచాక కొన్నాళ్ళు వారాంతాల్లో వాహనాలు ఆపి జనాన్ని నడవనిచ్చారు. విశాఖ బీచ్‌లో తేలే వంతెన 2024 ఫిబ్రవరి 25న మొదలైతే మర్నాడే దాని కొసభాగం వేరుపడి కనిపించింది. మాక్ డ్రిల్ కోసం తామే విడదీశామన్నారు అధికారులు. అది ఏ ఒడ్డుకూ చేర్చని వంతెన. పోయి, నీళ్ళు చూసి, తిరిగి రావడమే. విహారం నడకకు నిధులుంటాయి, కూలి నడకకు రోడ్డంచు చాలంటారు.

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేం. డ్రాయింగు చదవడం మాకు ఆలస్యంగానే వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు ఫుట్‌పాత్ మీద 1.8 మీటర్ల ఖాళీ అడుగుతాయి. తలమీద గడ్డిమోపులతో ఎదురుపడిన ఇద్దరికి అది సరిపోతుందా? మోపు వెడల్పు కొలిచిందెవరు? చక్రాల కుర్చీకి వాలు ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మెట్లయితే చవక. వాలుకు స్థలం కావాలి, దాన్ని ఎవరి గుడిసెల కింద వెతుకుతారో చెప్పక్కర్లేదు.

మహద్‌లో చవదార్ చెరువును అంటరానివారికి తెరుస్తూ 1924లోనే మునిసిపాలిటీ తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట జనం ఊరేగింపుగా నడిచిపోయి నీళ్ళు తాగాల్సి వచ్చింది. తీర్మానానికీ నీళ్ళకూ మధ్య అడ్డం పడింది ఊరి దారే.

అందుకే వంతెన నమూనాను నది మధ్య నుంచి కాదు, రెండు కొసల నుంచి చదవాలంటాం. మెట్లు దిగేది ఊరి వీధిలోనా, వాడ బాటలోనా? దీపస్తంభాలు ఎక్కడిదాకా గీశారు? సంతకాలు పడకముందే ఆ కాగితాన్ని వాడలో చాప మీద పరవాలి. కయ్యల్లో నుంచి వచ్చినామె వేలు పెట్టి, "మేం ఇట్టా దిగతామయ్యా, అట్టా కాదు" అంటే, అక్కడే గీత మార్చాలి.